లెక్కల పరీక్ష అని రాశాను

ఫిబ్రవరి 4, మంగళవారం

ఇవాళ లెక్కల పరీక్ష అని రాశాను.

చీటీ మీద అంతకంటే ఏమీ తోచలేదు. కిందటి వారం జలుబు రాశాను. మళ్ళీ జలుబంటే, డాక్టరుకి చూపించకుండా ఏం చేస్తున్నారని నర్సు నన్ను కడిగేస్తుంది. ఆవిడ హాస్పిటల్లోనూ సిస్టరే, మా మంగళవారాల్లోనూ సిస్టరే, రెండు చోట్లా అదే గొంతు. లెక్కల పరీక్ష మంచిది. ఏ పిల్లకైనా ఉంటుంది. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

మా అమ్మడు ఆ స్కూలు వదిలేసి రెండు నెలలైంది.

పై వాక్యం రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఈ నోటుబుక్కు ఎవరు చూడొచ్చారు.

మంగళవారాలు పది నుంచి పదకొండు దాకా, మా హాల్లో తల్లుల ప్రార్థన. నాలుగేళ్ళ కిందట నేనే మొదలుపెట్టాను, నియమాలూ నేనే రాశాను. ముందు స్తుతి. తర్వాత ఒప్పుకోలు, అది మౌనంగా, ఎవరిది వాళ్ళు. ఆ తర్వాత కృతజ్ఞత. చివర పిల్లల కోసం, వాళ్ళ టీచర్ల కోసం విన్నపాలు. ఏ తల్లీ తన బిడ్డ కోసం తాను అడగకూడదు. బిడ్డకేం కావాలో చీటీ మీద రాసి ఇంకో తల్లికివ్వాలి, ఏడాది పొడుగునా ఆవిడే ఆ బిడ్డని మొయ్యాలి. మన బిడ్డ కోసం మనమే అడిగితే బేరమాడినట్టుంటుందని అప్పట్లో నాకు గొప్పగా తోచింది. ఇంకో నియమం కూడా ఉంది. ఆ స్కూల్లో బిడ్డ ఉన్న తల్లులకే చోటు. బిడ్డ వెళ్ళిపోతే తల్లి కూడా లేచి చోటివ్వాలి. ఊరికే అలవాటుగా వచ్చి కూర్చునే గుంపు కాకూడదని అలా పెట్టాను.

నాలుగేళ్ళ కిందట నాకు అన్నీ తెలుసు.

ఇప్పుడు మిగిలింది నలుగురం. నర్సు, ఆవిడకి ఆరో తరగతిలో కవలలు. బ్యాంకావిడ, కూతురు ఒకటో తరగతి. టైలరమ్మ, కొడుకు నాలుగు. నేను. టైలరమ్మ కొడుకు చీటీ నా దగ్గర, అమ్మడి చీటీ టైలరమ్మ దగ్గర. వాడికి క్లాసులో లేచి గట్టిగా చదవమంటే నోరు పెగలదు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు, మిగతా పిల్లలు నవ్వుతారు. ఆ సంగతంతా టైలరమ్మ చీటీకి రెండు వైపులా రాసిచ్చింది.

"ప్రభువా, ఆ బిడ్డకి లెక్కలంటే భయం పోగొట్టు. టీచరమ్మ చెప్పింది చెప్పినట్టు బుర్రకెక్కనివ్వు" అని ఆవిడ కళ్ళు బిగించుకుని అడుగుతుంటే నేను గచ్చు మీద పలకలు లెక్కపెట్టాను.

లేని పరీక్ష కోసం చేసిన ప్రార్థన ఎక్కడికి పోతుంది?

పది గంటలప్పుడు ఏ ఇంట్లోనూ పిల్లలుండరు. అదొక్కటి నన్ను కాపాడుతోంది. గుమ్మం పక్కన అమ్మడి పాత చెప్పులున్నాయి. నేను పెట్టలేదు. తియ్యలేదు, అంతే.

ఫిబ్రవరి 5, బుధవారం

ఆరో తరగతి సైన్సు పుస్తకం ప్రూఫులు, నలభై పేజీలు దిద్దాను. కప్ప బొమ్మ తలకిందులుగా వేశారు.

సాయంత్రం దుకాణంలో "సంచీ కావాలా?" అన్నాడు. "వద్దు" అన్నాను. ఇవాళ్టికి నా మాటలు అవే.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆదివారం ఫోను.

"లెక్కలెలా ఉన్నాయి?"

"బాగున్నాయమ్మా. మొన్న టెస్టులో క్లాసులో నాదే ఎక్కువ."

"నిజంగా?"

"నిజంగానే. ఎందుకు, నమ్మవా?"

నమ్మాను. నమ్మి కాసేపు కోపంగా కూర్చున్నాను. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న పిల్లని, తప్పు స్కూలు పేరు చెప్పి అడిగినా, టైలరమ్మ ప్రార్థన వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకుంది. మరి నేను?

ఫోను నాలుగు నిమిషాలు. "నాన్న పిలుస్తున్నాడు" అంది. పిలిచినట్టు నాకైతే వినపడలేదు.

సెప్టెంబరులో ఆయన వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళారు. మేమిద్దరం అరుచుకోలేదు, ఒకరి మీద ఒకరం ఏమీ విసరలేదు. వినేవాళ్ళకి చెప్పడానికి కూడా ఏమీ లేదు. డిసెంబరులో అమ్మడు నాన్న దగ్గరికి రెండు వారాలని వెళ్ళి, అక్కడే ఉండిపోతానంది. ఎందుకని అడిగితే ఒక మాట అంది. అది ఇక్కడ రాయను. ఏడాది చివరికి మనసు మార్చుకుంటుంది. పధ్నాలుగేళ్ళ పిల్ల మాట ఎంతకాలం నిలుస్తుంది.

అందుకే మంగళవారం వాళ్ళకి చెప్పలేదు. తీరా చెప్పాక తిరిగొచ్చేస్తే ఎంత ఇబ్బంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

కార్డుల సంగతి మర్చేపోయాను. ఇదీ నేను పెట్టిన పద్ధతే. ఏడాదికోసారి ఒక్కో తల్లీ తను మోసే బిడ్డ టీచరుకి "మీ కోసమూ, మీ క్లాసు కోసమూ ప్రార్థిస్తున్నాం" అని కార్డు రాసివ్వాలి. ఇవాళ నర్సు తనే కొనుక్కొచ్చి పంచేసింది. టైలరమ్మ తన కార్డు మీద ముందు పెన్సిలుతో, దాని మీద పెన్నుతో, అమ్మడి లెక్కల టీచరుకి రాసుకుంది. పక్కనించి చూస్తూనే ఉన్నాను.

"నీ కార్డు ఇటివ్వు, నేనిచ్చేస్తాలే" అన్నాను.

"భలేవారక్కా, మీరెందుకు? శుక్రవారం యూనిఫాంలు ఇవ్వడానికి నేనెలాగూ వెళ్తున్నాగా. టీచరమ్మ మొహం చూసినట్టూ ఉంటుంది."

"ఆవిడ చాలా బిజీ మనిషి."

"ఒక్క నిమిషం కాయితం పుచ్చుకోలేనంత బిజీనా?"

బ్యాంకావిడ నవ్వింది. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఈపాటికి టైలరమ్మ స్కూలుకి వెళ్ళొచ్చి ఉంటుంది. ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఏమీ కాలేదు. కార్డు ఆఫీసులో ఇచ్చేసి వచ్చి ఉంటుంది. టీచరు కనపడి ఉండదు. అనవసరంగా నాలుగు రోజులు తిండి సయించక చచ్చాను.

టైలరమ్మ ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే లెక్కలు అడిగింది. ఈసారి కొత్తగా "ఆ బిడ్డ ఎక్కడున్నా" అని ఒక మాట కలిపింది. స్కూల్లో క్లాసులో ఉన్నా, ఆటస్థలంలో ఉన్నా అని కాబోలు.

వెళ్ళేటప్పుడు కుర్చీలు సర్దడానికి ఉండిపోయింది. ఎప్పుడూ ఉండదు, షాపు తియ్యాలని పరుగెడుతుంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

నర్సుకి ఆలోచనలెక్కువ.

"నాలుగేళ్ళుగా అడుగుతున్నాం సిస్టర్, ఎవరి కోసం అడుగుతున్నామో ఒకసారి మొహాలు చూడొద్దూ? మార్చి ఎనిమిది, శనివారం. అందరం పిల్లల్ని తీసుకొద్దాం. మా ఇంట్లో పెట్టుకుందాం, కేకు నేను తెస్తాను."

"కేకంటే మా అమ్మాయి రాత్రి నుంచే వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది" అంది బ్యాంకావిడ.

టైలరమ్మ నావైపు చూడలేదు, చూడకూడదని పట్టుబట్టినట్టు.

"మీ అమ్మాయికి వీలవుతుందిగా సిస్టర్?"

"అవుతుంది" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానంటే, ఆ క్షణంలో పక్క గదిలోంచి "అమ్మా, నేను రాను" అని కసురు వినపడుతుందేమోనని నిజంగానే ఆగాను.

అందరూ వెళ్ళాక ఆలోచించాను. నిజం చెప్తే ఏమవుతుంది? ఎవరూ నన్ను కొట్టరు. లేచి చోటివ్వాలి, అంతే. ఆ తర్వాత బుధవారం లాగే మంగళవారం కూడా ఉంటుంది. వారంలో ఒక్క గంట నా ఇంట్లో నాలుగు గొంతులుంటాయి. ఆ గంట పోతుంది.

మార్చి 2, ఆదివారం

చెయ్యకూడని పని చేశాను.

"వచ్చే శనివారం ఒక్కరోజు రాగలవా? పొద్దున బయల్దేరితే సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు" అన్నాను.

"రావచ్చు. ఎందుకు?"

"ఊరికే. వచ్చేటప్పుడు... వచ్చాక, పాత యూనిఫాం వేసుకోవాలి. కాసేపు."

"యూనిఫామా? ఎందుకమ్మా?"

"మా మంగళవారం వాళ్ళు పిల్లల్ని చూడాలంటున్నారు."

అమ్మడు వెంటనే పట్టేసింది. ఆ చురుకు నాదే. "నేనా స్కూల్లో లేనని వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్తాను."

"చెప్పలేదన్నమాట."

అరుస్తుందనుకున్నాను. "అది నాకు పొట్టిదైపోయి ఉంటుందమ్మా" అంది మెల్లగా. "నాన్ననడిగి చెప్తా."

రానని అనలేదు. అదే నాకు పట్టుకోవడానికి దొరికింది.

మార్చి 3, సోమవారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పదకొండింటికి యూనిఫాం స్కర్టు సంచీలో వేసుకుని టైలరమ్మ షాపుకెళ్ళాను. షట్టరెత్తిన చిన్న గది. రెండు మిషన్లు, ఒకదాని మీద బట్టల గుట్ట. నేల నిండా నీలం గుడ్డముక్కలు.

"రండక్కా! మీరు రావడమేంటి, ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్నిగా."

"ఏం లేదు, ఈ స్కర్టు కింద మడత విప్పాలి. శనివారానికి."

ఆవిడ స్కర్టు తిరగేసి మడత మీద వేలు నడిపింది. అది ఆవిడ కుట్టిందే.

"ఎంత వదలమంటారు?"

"రెండంగుళాలు. కాదు, ఒకటిన్నర."

"పాప ఇప్పుడెంత పొడుగుంది?"

నా చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. కొంచెం పైకి జరిపాను. మళ్ళీ కిందకి దించాను. తొమ్మిది నెలలు కడుపులో మోసినదాన్ని, పిల్ల ఎంత పొడుగుందో గాల్లో వెతుక్కుంటూ నిలబడ్డాను.

టైలరమ్మ నా చేతిని చూసింది. లేచి వచ్చి దాన్ని పట్టుకుని కిందకి దించి, స్టూలు జరిపింది. "కూర్చోండక్కా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"కార్డివ్వడానికెళ్ళిన రోజే టీచరమ్మ చెప్పింది. 'ఆ అమ్మాయి పేరు డిసెంబరులోనే తీయించేశారుగా, మీరెవరికోసం ప్రార్థన చేస్తున్నారు?' అంది. నాకు తల తీసేసినట్టయింది. 'అవునండీ, పొరపాటు' అని కార్డు చేతిలో పెట్టేసి వచ్చేశా."

"మరి ఇంకా లెక్కలెందుకు అడుగుతున్నావ్?"

"మీరు రాసిచ్చింది చదవాలిగా? నేను వేరేదేదన్నా అడిగితే మిగతా ఇద్దరికీ తెలిసిపోదూ?"

"నా మీద కోపం రాలేదా?"

"రాకేం? మావాడి సంగతి కడుపు చించుకుని మీకు చెప్పుకున్నానా, మీరేమో జలుబు, లెక్కలూ అంటారు. అంత పరాయిదాన్నా అని రెండ్రోజులు ఏడుపొచ్చింది. మిషను తొక్కుతూ ఏడిస్తే కుట్టు వంకరపోతుందని ఆపేశా."

నవ్వొచ్చింది. ఇద్దరికీ. నా నవ్వు మధ్యలో వేరేదిగా మారిపోయింది. ఆవిడ లేచి షట్టరు సగానికి దించింది, వీధిలోవాళ్ళకి నేను కనపడకుండా.

కాసేపటికి అడిగింది. "విప్పమంటే విప్పుతానక్కా. ఒకటిన్నరా, రెండా?"

స్కర్టు మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మడికి "శనివారం రావద్దులే, అవసరం లేదు" అని మెసేజి పెట్టాను. "సరే" అని వచ్చింది.

డిసెంబరులో తనన్న మాట ఇప్పుడు రాస్తాను. "నువ్వు నన్ను ప్రూఫు చూసినట్టు చూస్తావమ్మా." అంతే అంది. నేనప్పుడు, అది సరైన ఉపమానం కాదన్నాను.

మార్చి 4, మంగళవారం

స్తుతి అయింది. ఒప్పుకోలు మొదలైంది. మూడు నిమిషాల మౌనం, గడియారం చూసేది నేనే. నాలుగేళ్ళలో ఆ మూడు నిమిషాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

నేను పైకి మాట్లాడాను.

"అమ్మడు ఇక్కడ లేదు. డిసెంబరు నుంచి వాళ్ళ నాన్న దగ్గరుంది. అక్కడే చదువుతోంది. పరీక్ష సంగతి అబద్ధం. జలుబూ అబద్ధమే."

బ్యాంకావిడే ముందు కళ్ళు తెరిచింది. "పాప బాగానే ఉందిగా? అమ్మయ్య. 'ఇక్కడ లేదు' అనగానే నా గుండె జారిపోయింది. మాట మొదలుపెట్టే పద్ధతేనా అది?"

నర్సు ఒళ్ళో ఉన్న చీటీని నాలుగు మడతలు పెట్టింది. తర్వాత అంది. "అంటే మూడు నెలలుగా మేం దేవుడి ముందు అబద్ధం చెప్పామన్నమాట."

"మీరు చెప్పలేదు. నేను చెప్పించాను."

"ఎందుకు సిస్టర్? మీ ఆయన వెళ్ళారంటే మేమేమన్నా అన్నామా? మాకెందుకు చెప్పలేదు?"

దీనికి నా దగ్గర మంచి మంచి వాక్యాలున్నాయి. ఒక్కటీ వాడలేదు. "చెప్తే మీరు రావడం మానేస్తారని" అన్నాను.

టైలరమ్మ నోరు తెరవబోయింది, తనకు ముందే తెలుసని చెప్పడానికి. కళ్ళతోనే వద్దన్నాను. ఒకళ్ళు పోతే చాలు.

"రూలు మార్చుకోవచ్చుగా" అంది ఆవిడ, బదులుగా.

"మార్చుకోవచ్చు" అంది నర్సు. "కానీ ఇవాళ కాదు. ఇవాళ మారిస్తే ఆవిడ కోసం మార్చినట్టుంటుంది." అని నావైపు తిరిగింది. గొంతు హాస్పిటల్ గొంతులా లేదు. "రూలు రాసింది మీరే. మీరే చెప్పండి."

ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఇంకా గట్టిగా అనేదాన్ని.

వచ్చే వారం నుంచి నర్సు ఇంట్లో. టైలరమ్మ కొడుకు చీటీ బ్యాంకావిడకిచ్చాను. వాడు మొదటి అక్షరం దగ్గరే ఆగుతాడని, ఆ అక్షరం దాటితే వెళ్ళిపోతాడని చెప్పాను. ఆవిడ రాసుకుంది.

పదకొండు కాకముందే ఇల్లు ఖాళీ అయింది.

మార్చి 8, శనివారం

ఇవాళ నర్సు ఇంట్లో పిల్లలంతా ఉంటారు. నేను ప్రూఫులు గడువుకి రెండు రోజుల ముందే పంపేశాను.

మార్చి 11, మంగళవారం

పదింటికి అలవాటు చొప్పున హాల్లో కూర్చున్నాను. మోసేవాళ్ళెవరూ లేరు కనక నా బిడ్డ కోసం నేనే అడగాలి. నాలుగేళ్ళలో మొదటిసారి. "ప్రభువా, అమ్మడికి" అన్నాను.

అక్కడే ఆగిపోయాను. తర్వాత ఏమనాలో తెలియలేదు. ఊళ్ళోవాళ్ళ పిల్లలకేం కావాలో వరసగా చెప్పగలను. ఒకటో తరగతి పిల్లకి ఏ కుక్కంటే భయమో కూడా చెప్పగలను.

సాయంత్రం ఫోన్ చేశాను.

"ఏమైందమ్మా? ఇవాళ ఆదివారం కాదుగా."

"ఏమీ కాలేదు. నీకేం కావాలో అడుగుదామని."

"ఏమీ వద్దు. డబ్బులు నాన్న ఇస్తున్నాడు."

"అది కాదు. నీకోసం ఏం అడగమంటావ్?"

"ఎవర్ని, దేవుణ్ణా?"

"ఊఁ."

వెనకాల టీవీ చప్పుడు తగ్గింది. వేరే గదిలోకి వెళ్ళినట్టుంది, తలుపేసిన చప్పుడైంది.

"మధ్యాహ్నం తినేటప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలో తెలీదమ్మా."

"ఎప్పట్నుంచి?"

"చేరినప్పట్నుంచీ. అందరికీ ముందే జట్లున్నాయి. నేను మెట్ల మీద కూర్చుంటా. లెక్కల పుస్తకం తెరుచుకుని. చదువుకుంటున్నాననుకుంటారని." కొంచెం నవ్వింది. "అందుకే మార్కులొచ్చాయిలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు లెక్కల గురించే అడుగుతావుగా."

నాలుగు సలహాలు నోటిదాకా వచ్చాయి. నువ్వే వెళ్ళి పలకరించు, టీచరుతో చెప్పు, నవ్వుతూ ఉండు, ఇంటికొచ్చెయ్. నాలుగోది అన్నిటికంటే గట్టిగా వచ్చింది. నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను.

"మెట్ల మీద ఎండ ఉంటుందా?" అన్నాను చివరికి.

"కింద రెండు మెట్ల దాకా వస్తుంది. నేను మూడోదాని మీద కూర్చుంటా."

ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తనూ పెట్టెయ్యలేదు. పదకొండు నిమిషాలయ్యాక ఫోను చూసుకున్నాను.

మార్చి 12, బుధవారం

అక్కడ పన్నెండున్నరకి తిండి బెల్లు, ఒంటిగంటకి మళ్ళీ క్లాసు బెల్లు కొడతారట. పొద్దున మెసేజి పెట్టి అడిగాను. ఎందుకని అడక్కుండానే చెప్పింది.

పన్నెండున్నరకి ప్రూఫులు పక్కన పెట్టి, కంచం పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చున్నాను. "ప్రభువా, ఒక్క మనిషి" అన్నాను. ఇంకే మాటా రాలేదు. తింటూ అదే అన్నాను, మళ్ళీ మళ్ళీ, ఒంటిగంటకి అక్కడ బెల్లయ్యేదాకా.